ఇంటిపేరు - పెట్టిన పేరు



మన ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాక పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "మీ ఇంటిపేరేంటమ్మా?" అని. పెట్టిన పేరు తర్వాత సంగతి. ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు, ఏ ఊరివాళ్ళు, ఎవరికి ఏమవుతారు, వరస ఏమిటి అన్నీ వాళ్ళే అల్లుకుపోతారు. ఈ ఇంటిపేరు గురించీ, దాని పక్కన నిలబడే మన సొంత పేరు గురించీ ఈ పూట కాసేపు ముచ్చటించుకుందాం. పెద్ద పెద్ద గ్రంథాల జోలికి పోను. మా పుట్టింటి ఇంటిపేరు గూడూరు. కర్నూలు జిల్లా పడమటి దిక్కు ఆడపిల్లని. ఆ ఒక్క పేరు పట్టుకుని బయలుదేరితే ఎంత దూరం పోవచ్చో చూద్దాం.

గూడూరు అనగానే కోస్తావాళ్ళకు నెల్లూరు వైపు గూడూరు గుర్తొస్తుంది. అభ్రకం గనులకూ, నిమ్మతోటలకూ పేరుపడ్డ ఊరు, పెద్ద రైలు జంక్షను. బందరు దగ్గర ఇంకో గూడూరు ఉంది. తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో మరొకటి. కన్నడదేశంలో బాగలకోట వైపు కూడా ఒక గూడూరు ఉంది. మా గూడూరు వీటిలో ఏదీ కాదు. కర్నూలు జిల్లాలో మండల కేంద్రమైన గూడూరు. దానికి పడమరగా పోతే ఎమ్మిగనూరు, ఇంకా పోతే ఆదోని. ఇన్ని గూడూర్లు ఎందుకొచ్చాయంటే ఆ మాటలోనే జవాబుంది. గూడు, ఊరు కలిస్తే గూడూరు. కొందరు పెద్దలు గుడి ఉన్న ఊరు గనక గూడూరు అంటారు. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, గుడికి ఊరు కలిపితే 'గుడూరు' కావాలి, 'గు'కు దీర్ఘం ఎక్కడినుంచి వస్తుంది? గూడు అంటేనే ఒప్పుతుంది. పిట్ట గూడు, దీపం పెట్టే గూడు, గూడు బండి, అన్నీ తలదాచుకునే చోట్లే. కన్నడంలోనూ గూడు అంటే గూడే. రెండు భాషలు కలిసి కాపురం చేసే మా సీమలో ఆ ఊరి పేరును ఎవరి భాషలో చదువుకున్నా అర్థం మారదు. నలుగురు చేరి తలదాచుకున్న చోటల్లా గూడూరు కావడంలో వింత ఏముంది?

పక్క ఊళ్ళకు అంత సులువు కుదరదు. ఎమ్మిగనూరు చూడండి. కన్నడంలో ఎమ్మె అంటే బర్రె. ఆ మాట ఆ ఊరిపేరు మొదట్లో వినబడుతుంది కాబట్టి బర్రెలమందల కథ ఒకటి చెబుతారు. ప్రతి సంక్రాంతి రోజుల్లో నీలకంఠేశ్వరస్వామి జాతరకు అక్కడ చేరే పశువులను చూస్తే ఆ కథ నమ్మబుద్ధి కూడా అవుతుంది! ఆదోని పాతపేరు ఆదవాని. నోళ్ళలో నలిగి నలిగి ఆదోని అయింది. ఊరి పేర్లను కథలతో కాకుండా శాస్త్రంగా చదవాలనుకునేవాళ్ళకు కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద చేసిన పరిశోధన మంచి దారి చూపిస్తుంది. ఇంటిపేర్ల మీద డాక్టర్ తేళ్ళ సత్యవతిగారు పెద్ద గ్రంథమే రాశారు. ఒక స్త్రీ కూర్చుని వేల ఇంటిపేర్లు పోగుచేసిందంటే నాకు ముచ్చటగా ఉంటుంది. పెళ్ళితో మన ఇంటిపేరు మనకే నిలవదు గదా, లోకంలోని ఇంటిపేర్లన్నీ ఆవిడ దగ్గర చేరాయన్నమాట.

సరే, ఊరిపేరు ఇంటిపేరు ఎట్లా అవుతుంది? ఇక్కడే ఒక తమాషా ఉంది. గూడూరులో కాపురమున్నవాళ్ళను ఎవరూ గూడూరువాళ్ళని పిలవరు. అందరిదీ గూడూరే అయినప్పుడు ఆ పేరుతో ఎవరిని గుర్తుపడతారు? గూడూరు విడిచి ఇంకో ఊరు చేరినప్పుడే, ఆ కొత్త ఊరివాళ్ళు, "ఎవరూ? ఆ గూడూరునుంచి వచ్చినవాళ్ళా?" అంటారు. కొన్నాళ్ళకు "నుంచి వచ్చినవాళ్ళు" రాలిపోతుంది, గూడూరు మిగులుతుంది. అంటే ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న ప్రతి కుటుంబం ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరు విడిచి వచ్చిందే. పేరు మనం పెట్టుకున్నది కాదు, చేరిన ఊరివాళ్ళు పెట్టింది. కోస్తా వైపు దీన్ని ఇంకా స్పష్టంగా చూడొచ్చు. నండూరి, దువ్వూరి, వేటూరి, ఈ పేర్ల చివర 'రు' కాదు, 'రి'. ఊరు కాదు, ఊరి. ఫలానా ఊరి వాళ్ళు అని. మా వైపు ఆ 'రి' కూడా లేకుండా ఊరిపేరు ఉన్నదున్నట్టే పెట్టేసుకుంటాం.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టింది రాజమహేంద్రవరంలో. కందుకూరు ఆయన పెద్దలు విడిచివచ్చిన ఊరు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిది తిరుత్తణి వైపు, సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. ఇక మా సీమ మనిషి బళ్ళారి రాఘవగారి సంగతి మరీ బాగుంటుంది. ఆయన 1880లో తాడిపత్రిలో పుట్టారు. ఇంటిపేరు కూడా తాడిపత్రే. తాడిపత్రి రాఘవాచార్యులు. బళ్ళారిలో వకీలుగా, నటుడుగా పేరు తెచ్చుకున్నాక లోకం ఆయనను బళ్ళారి రాఘవ అనే పిలిచింది. ఒక మనిషి జీవితకాలంలోనే పాత ఊరు తొలగిపోయి కొత్త ఊరు ఇంటిపేరు స్థానంలోకి వచ్చి కూర్చుంది. మిగతా కుటుంబాల్లో రెండు మూడు తరాలు పట్టే పని అది.

ఈ సంగతి మగవాళ్ళకు చదివి తెలుసుకోవాల్సిన విషయం. మనకు అనుభవం. కోడలుగా ఒక ఊరు పోయిన ఆడదాన్ని ఆ ఊరివాళ్ళు ఏమని పిలుస్తారు? గూడూరమ్మ అంటారు, ఆదోనామె అంటారు, కోడుమూరు కోడలు అంటారు. ముగ్గురు కోడళ్ళున్న ఇంట్లో అత్తగారు ఊళ్ళ పేర్లతోనే కేకలేస్తుంది. మా మేనత్త ఒకావిడ అత్తవారి ఊళ్ళో యాభై ఏళ్ళు కాపురం చేసింది. చివరిదాకా గూడూరమ్మే. నిజానికి ఆవిడ గూడూరు మొహం కూడా చూడలేదు, పుట్టిందీ పెరిగిందీ ఆదోనిలో. పుట్టింటి ఇంటిపేరు మీద ఆ ఊరు ఆమెకు అంటుకుంది. ఆవిడ అసలు పేరు ఆ ఊళ్ళో ఎందరికి తెలుసో నేను చెప్పలేను.

మావాళ్ళు గూడూరు ఎందుకు విడిచారు అని నేను చిన్నప్పుడు అవ్వను అడిగేదాన్ని. "కరువుకు" అనేది. ఏ కరువు అంటే "పెద్ద కరువు" అనేది. మా వైపు పెద్ద కరువంటే 1876-78 నాటి ధాత కరువే. బళ్ళారి, కర్నూలు జిల్లాలు నుజ్జునుజ్జయిపోయిన కాలం అది. అప్పట్లో ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. గింజ దొరికే చోటికీ, పని దొరికే చోటికీ జనం కదిలిపోయారు. అవ్వ చెప్పింది ఆ కరువో, తర్వాతి మరో కరువో గానీ, మా సీమలో ఊరిపేరు ఇంటిపేరైన ఇళ్ళు చాలావాటికి వెనకాల ఒక ఎండిన చేను ఉంటుందని నా నమ్మకం.

ఆ కదలడం ఆగిందా అంటే ఆగలేదు. దసరా, దీపావళి దాటాక ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు పల్లెలనుంచి బండ్లకు బండ్లు జనం గుంటూరు వైపు పత్తి తీయడానికీ, మిరపకాయలు కోయడానికీ పోతారు. సుగ్గికి పోవడం అంటాం. సుగ్గి కన్నడ మాట, పంటకోతల కాలమని అర్థం. కోతల కాలమంటే పండగ కాలం అనుకునే భాషలోంచి వచ్చిన మాట, మా వాళ్ళ నోట్లో ఇంటికి తాళం వేసి పోవడమని అర్థం తెచ్చుకుంది. పిల్లలను బడి మాన్పించి వెంటబెట్టుకుపోయేవాళ్ళున్నారు. వీళ్ళ పిల్లల కోసం సర్కారు ఊళ్ళోనే వసతి కేంద్రాలు పెట్టింది, అవ్వాతాతల దగ్గర వదిలిపోయేవాళ్ళూ ఉన్నారు. అక్కడ మిరపచేలల్లో వీళ్ళను పేరుపెట్టి పిలిచేవాళ్ళెవరు? కర్నూలోళ్ళు, ఆదోనోళ్ళు, అంతే. ఆ వచ్చినవాళ్ళలో ఎవరో ఒక కుటుంబం అక్కడే నిలిచిపోతే, మూడు తరాల తర్వాత వాళ్ళ ఇంటిపేరు ఆదోని అవుతుంది. గూడూరు అట్లాగే మాకు ఇంటిపేరైంది.

ఇంకో సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్ళారి అటు పోయింది. బంధువులు రెండు రాష్ట్రాలకు చెదిరారు. అటున్న మా బంధువుల పిల్లలు కన్నడంలో చదువుకున్నారు. వాళ్ళ పేరు ముందు గూడూరు కాస్తా 'జి' అనే ఒక్క అక్షరమైపోయింది. ఆ 'జి' అంటే ఏమిటని అడిగితే, "ఏమో అత్తా, నాన్న పేరు ముందు కూడా ఉంది" అన్నాడొక పిల్లవాడు! ఇంటిపేరును పొడి అక్షరాలు చేసుకోవడం వద్దని పిల్లలున్నవాళ్ళకు నేను చెప్పేది ఇందుకే. కాగితంమీద చోటు ఉంటే పూర్తిగా రాయించండి.

పెళ్ళి సంబంధాల దగ్గర ఇంటిపేరు చేసే అల్లరి మీకు చెప్పనక్కర్లేదు. మా ఇంట్లోనే ఒకసారి మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది. తీరా చూస్తే వాళ్ళదీ గూడూరే. "ఒకే ఇంటిపేరు, అన్నాచెల్లెళ్ళవుతారు" అని మా పెద్దనాన్న కొట్టిపారేశాడు. మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏ గూడూరో అడగండి" అంది. అడిగితే బందరు దగ్గర గూడూరట! వాళ్ళు ఎప్పుడో రైల్వే ఉద్యోగం మీద గుంతకల్లు వచ్చి నిలిచిపోయినవాళ్ళు. గోత్రాలు వేరు. వందల మైళ్ళ దూరంలో ఉన్న రెండు ఊళ్ళకు ఒకే పేరున్నంత మాత్రాన రక్తసంబంధం ఎట్లా అవుతుంది? పెళ్ళి జరిగింది, పిల్లలు కాలేజీలకు వచ్చారు. మా పెద్దనాన్న మాత్రం పెళ్ళిభోజనంలో కూడా "అయినా..." అంటూనే ఉన్నాడు. ఆ పెళ్ళికూతురి ఇంటిపేరు మారింది కూడాను, మారలేదు కూడాను.

ఊరిపేరు ఇంటిపేరుగా దక్కడం కూడా ఒక భాగ్యమేనని పెద్దయ్యాక అర్థమైంది. మా పడమటి పల్లెల్లో పాత రికార్డులు తీసి చూడండి. చాలామంది పేర్ల ముందు ఇంటిపేరు ఉండదు, కులం పేరు ఉంటుంది. బోయ అనో, కురువ అనో, చాకలి అనో, ఈడిగ అనో ముందు రాసి, ఆ తర్వాత పెట్టిన పేరు రాసేశారు. వాళ్ళకు ఇంటిపేర్లు లేక కాదు. వాళ్ళ పెళ్ళిళ్ళలో, దినాల్లో కూర్చుంటే ఇంటిపేర్లూ, బెడగులూ అన్నీ వినిపిస్తాయి. రాసేవాళ్ళకు అవసరం కనబడలేదు. రికార్డు రాసే కరణీకాలు 1984లో పోయాయి, రాసిన రాతలు మాత్రం బడి రిజిస్టర్లలోకీ, రేషన్ కార్డుల్లోకీ, ఆధార్లలోకీ నడిచి వచ్చాయి. ఒక పిల్ల పట్నంలో కాలేజీలో చేరి, హాజరు పిలిచినప్పుడల్లా తన కులం నలభైమంది ముందు చదివించుకోవాలి. కొందరు దాన్ని తలెత్తుకుని చెప్పుకుంటారు, అది వాళ్ళ ఇష్టం. కానీ ఆ ఇష్టం పిల్లది కావాలి గదా, ఎప్పుడో పోయిన కరణానిది కాదు.

ఇక పెట్టిన పేర్లకు వద్దాం. ఇక్కడ మా సీమ చాలా ధనవంతురాలు. ఉరుకుంద ఈరన్నస్వామికి శ్రావణమాసంలో మొక్కుకుని పుట్టిన పిల్లలు ఈరన్నలు, ఈరమ్మలు, ఉరుకుందప్పలు, ఉరుకుందమ్మలు. ఈరన్న అంటే వీరన్నే. మా నోట్లో 'వ'కారం నిలవదు. నీలకంఠుడి పేరు ఎమ్మిగనూరు చుట్టుపక్కల, రాఘవేంద్రుల పేరు తుంగభద్ర ఒడ్డు పొడుగునా. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన మంచాల గ్రామమే ఇవాళ్టి మంత్రాలయం. ఆ ఊరి అమ్మవారు మంచాలమ్మ. ఆదోనిలో లక్ష్మమ్మ అవ్వ గుడి ఉంది. మనమధ్య తిరిగిన ఒక స్త్రీని ఊరంతా అవ్వగా కొలుచుకుంటోంది, ఆమె పేరు పెట్టుకున్న ఆడపిల్లలకు లెక్కలేదు.

పీర్ల పండగ పేర్లు మరీ అందమైనవి. హిందువుల ఇళ్ళలో ఉసేనప్పలు, ఉసేనమ్మలు, లాలెప్పలు, లాలమ్మలు, మస్తానమ్మలు, దస్తగిరులు. పీరుకు మొక్కుకున్నారు, బిడ్డ పుట్టింది, పేరు పెట్టారు. ఉసేన్ పక్కన మన 'అప్ప' చేరి ఉసేనప్ప అయింది. దాన్ని విడదీసి ఏ ముక్క ఎవరిదని అడిగితే ఆ తల్లి నవ్వుతుంది. బడిలో వేసేటప్పుడు కొందరు పంతుళ్ళు ఇటువంటి పేర్లు మోటుగా ఉన్నాయని దిద్దేవారు. ఈరన్నను వీరేంద్ర చేశారు, లాలమ్మను లలిత చేశారు. పేరుతోపాటు పుట్టిన తేదీ కూడా వాళ్ళే ప్రసాదించారనుకోండి. మా ఈడువాళ్ళలో సగంమంది జూన్, జూలై నెలల మొదటి తేదీనే పుట్టారు, బడులు తెరిచే రోజులు గదా!

కొన్ని పేర్లు వినగానే నవ్వొస్తుంది, అర్థం తెలిస్తే నవ్వు ఆగిపోతుంది. తిప్పన్న, తిప్పమ్మ, పెంటయ్య, పెంటమ్మ, కుప్పమ్మ, పుల్లమ్మ. మా వైపు తిప్ప అంటే పెంటకుప్ప, కన్నడంలోనూ తిప్పె అంటే అదే. వరసగా పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను తీసుకుపోయి దిబ్బమీద పడుకోబెట్టి, ఇంకొకరిచేత ఎత్తించి తెచ్చుకునేవాళ్ళు. ఇది మాది కాదు, దిబ్బమీద దొరికింది, విలువలేనిది, దీన్ని తీసుకుపోయి నీకేం లాభం అని మృత్యువును మోసం చేయడం. విస్తట్లో పొర్లించి పుల్లయ్య అని పెట్టడమూ అంతే. ఎరుకల ఆమెకు చేటెడు గింజలకు అమ్మి మళ్ళీ కొనుక్కోవడమూ అంతే. ఎంత భయపడితే ఒక తల్లి తన బిడ్డకు చెత్త అని పేరు పెట్టుకుంటుంది! టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక కొత్త తిప్పమ్మలు పుట్టడం మానేశారు. ఒక పేరు కనబడకుండా పోవడం నాకు సంతోషం కలిగించిందంటే ఈ ఒక్క విషయంలోనే.

తిప్పమ్మ పేరులో ప్రేమ ఉంది. ఇంకోరకం పేర్లున్నాయి, వాటిలో అది లేదు. సాకమ్మ అనే పేరు కన్నడదేశంలో ఉంది, మా సరిహద్దు పల్లెల్లోనూ వినబడుతుంది. కన్నడంలో 'సాకు' అంటే చాలు. వరసగా ఆడపిల్లలు పుడితే ఇక చాలు దేవుడా అని పెట్టిన పేరు. తెలుగు పల్లెల్లో చాలమ్మ కూడా అదే కోవ. మగపిల్లలు ఎంతమంది పుట్టినా చాలయ్య అని పెట్టినట్టు నేను వినలేదు. అటువంటి పేరున్న ఒక పెద్దావిడ మా వీధి చివర ఉండేది. చిన్నప్పుడు మేం ఆమెను "అవ్వా, నీ పేరుకు అర్థమేమి?" అని సతాయించేవాళ్ళం. ఆమె ఒక్కనాడూ చాలు అనే అర్థం చెప్పలేదు. "సాకడమంటే పెంచడం కాదా పాపా! ఆరుమందిని సాకితిని, ఇద్దరు మనవరాండ్లను సాకితిని, నాకు ఆ పేరు కాక ఇంకేం పేరు పెడతారు?" అనేది. మాట నిజమే. సాకు అంటే తెలుగులో పెంచడం, కన్నడంలో ఆ అర్థమూ ఉంది. తండ్రి ఒక భాషలో విసుక్కుని పెట్టిన పేరును ఆమె ఇంకో అర్థంలోకి తిప్పుకుని బతికింది. ఆమె పోయాక నాకు కన్నడం బాగా వచ్చింది. అప్పుడు తట్టింది, ఆమెకు రెండు అర్థాలూ మొదటినుంచీ తెలుసని.

అందరికీ అంత గుండెనిబ్బరం ఉండదు. మహారాష్ట్రలో సతారా జిల్లాలో ఆడపిల్లలకు నకుసా అని పేరు పెట్టే అలవాటుండేది. వద్దనుకున్నది అని అర్థం. 2011 అక్టోబరులో అక్కడి అధికారులు 285 మంది ఆడపిల్లలకు ఒకేసారి కొత్త పేర్లు పెట్టే కార్యక్రమం చేశారు. కొత్తపేరు రాసిన కాగితాలు చేతికిచ్చారు. ఆ పిల్లల్లో చాలామంది తమ పేర్లు తామే ఎంచుకున్నారట. పేరు మార్చుకుంటే తలరాత మారుతుందా అని పెద్దలు అంటారు. తలరాత సంగతేమో గానీ, రోజుకు పదిసార్లు "వద్దనుకున్నదానా, ఇటు రా" అని పిలిపించుకోవడం తప్పింది గదా. మా సీమనే చూడండి. నిజాం ఇంగ్లీషువాళ్ళకు 1800లో అప్పగించిన జిల్లాలు కాబట్టి దత్తమండలాలు అనేవారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు ముందుకు తెచ్చారు, అందరూ ఒప్పుకున్నారు. నాలుగు జిల్లాల నేలకే పేరు మార్చుకునే హక్కు ఉంటే, ఒక ఆడపిల్లకు ఉండదా?

పేరు పెట్టడం ఒక ఎత్తు, పిలవడం ఇంకో ఎత్తు. మన సంసారాల్లో పేరు పెట్టి పిలవకూడనివాళ్ళ జాబితా చాలా పెద్దది. భర్త పేరు పలకకూడదు, అత్తమామల పేర్లు పలకకూడదు. బిడ్డకు అత్తగారి పేరే పెడితే ఆ తల్లి పాట్లు ఏమని చెప్పను! తన కడుపున పుట్టిన పిల్లను తాను పేరుపెట్టి పిలవలేదు. అవ్వ అంటుంది, పాప అంటుంది, బుజ్జి అంటుంది. అందుకే మన ఇళ్ళలో ప్రతి పిల్లకూ రెండు పేర్లు. ఒకటి కాగితంమీదది, ఇంకొకటి అమ్మ నోటిది. పెళ్ళినాడు గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తారే, ఆ ఒక్కరోజే అనుమతి. ఆ తర్వాత జనాభా లెక్కలవాళ్ళు వచ్చి "మీ ఆయన పేరేంటమ్మా?" అంటే మా అవ్వ పక్కింటామెను చూపించేది. పక్కింటామె చెబితే, "ఊఁ, అదే" అనేది. ఇప్పటి పిల్లలు మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తుంటే పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటున్నారు. నాకైతే అందులో అమర్యాద ఏమీ కనబడదు. పిలుచుకోవడానికి కాకపోతే పేరు ఎందుకు పెట్టారు?

చివరికి అసలు చిక్కు దగ్గరికి వద్దాం. పెళ్ళయ్యాక ఆడదాని ఇంటిపేరు మారాలని ఏ చట్టమూ చెప్పలేదు. అలవాటు, అంతే. మార్చుకుంటే మార్చుకోవచ్చు, ఉంచుకుంటే ఉంచుకోవచ్చు. కానీ ఏదో ఒకటి అయితే ఫరవాలేదు. మనకు జరిగేది సగం సగం. మా అక్క పదో తరగతి సర్టిఫికెట్టులో గూడూరు. రేషన్ కార్డులో అత్తవారి ఇంటిపేరు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక్కి పోయి పొడి అక్షరమైంది. ఆధార్‌లో అసలు ఇంటిపేరే లేదు. మా నాన్న పోయాక పొలం కాగితాల పని పడింది. ఒక కార్యాలయంలో మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులున్నారు, ఇందులో ఆ కూతురు ఎవరు అని అడిగారు. అక్క ఎదురుగా నిలబడే ఉంది. అఫిడవిట్లు చేయించి, ఊళ్ళో పెద్దలచేత సంతకాలు పెట్టించి, ఆ నలుగురూ ఒక్కతే అని రుజువు చేసుకునేసరికి ఏడాది పట్టింది.

"ఇంటిపేరు మారిన పిల్లకు ఇంట్లో వాటా ఏమిటి?" అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ మాట చెల్లదు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమంగా పుట్టుకతో హక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు ఆ చట్టంలో చోటు లేకపోయింది. 2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ చేసిన సవరణలో పెళ్ళయినా కాకపోయినా ఒకటే అన్నారు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అనే సందేహాన్ని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చేసింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి తండ్రి ఉన్నాడా లేడా అని చూడనక్కర్లేదంది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం వాటిని తిరగదోడరు. చట్టం అడిగేది ఎవరి కూతురివని. ఏ ఇంటిపేరుతో తిరుగుతున్నావని కాదు. కానీ ఎవరి కూతురివో చెప్పేది కాగితం. ఆ కాగితం తిన్నగా లేకపోతే చట్టం ఎంత మంచిదైనా మన గడపదాకా రాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు, మంత్రాలయం మునిగినప్పుడు ట్రంకుపెట్టెల్లోని పత్రాలు ముద్దయిపోయి, తామెవరో మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చిన కుటుంబాలు ఎన్నో.

కనుక అక్కయ్యలూ, పెళ్ళి రిజిస్ట్రీ చేయించుకోండి. మన రాష్ట్రంలో 2002 చట్టంతో అది తప్పనిసరి అయింది కూడా. పుట్టింటి పేరుకూ, అత్తింటి పేరుకూ మధ్య వంతెన ఆ కాగితమే. బిడ్డ పుడితే జనన నమోదులో పేరు గడి ఖాళీగా వదిలి మరిచిపోకండి. నమోదైన ఏడాదిలోపు అయితే రుసుము లేకుండా పేరు రాయించవచ్చు, ఆ తర్వాత కొంత రుసుముతో పదిహేనేళ్ళ దాకా గడువుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ, పెళ్ళి రిజిస్ట్రీకీ ఆ ఒక్క పత్రమే ఆధారం. సుగ్గికి పోయిన చోట కాన్పయిన తల్లులు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి. బిడ్డ పుట్టిన ఊళ్ళోనే నమోదు చేయాలి, సొంతూరు వచ్చాక చూద్దాంలే అంటే కుదరదు. అక్కడి ఆసుపత్రివాళ్ళు కాగితం రాసేటప్పుడు పక్కన నిలబడి బిడ్డ పేరూ, తల్లి పేరూ, తండ్రి పేరూ అక్షరం అక్షరం చదివించుకోండి. చదువు రాకపోతే నర్సమ్మను అడిగి గట్టిగా చదివించుకోండి. ఈరమ్మ అని మీరు పెడితే ఈరమ్మ అనే రాయమనండి.